పడలే పెద్దమ్మా, ఇంకోపారి

వేలిముద్రల దొంగను కాలర్ పట్టుకొని దుకాణంలోంచి బయటికి ఈడ్చి, నడిరోడ్డు మీద ఊరందరి ముందూ నిలబెట్టిన మనిషిని నేను. వాడి కాళ్లు భూమికి ఆనలేదు. ఈ సంగతి నస్పూర్ చౌరస్తా హోటల్లో పొద్దున చాయ్ తాగే రిటైర్డు బొగ్గుబాయి కార్మికుల్లో ఎవరినడిగినా చెబుతారు. వాళ్లు చూసి కాదు, నేను చెప్పగా విని.

మొదటిసారి చెప్పినప్పుడు వాడిని నాలుగు మాటలు కడిగానని మాత్రమే చెప్పాను. మరోసారి చెప్పేసరికి వాడి చెంప మీద ఒకటి పడింది. ఎండాకాలం వచ్చేసరికి పోలీసు జీపు కూడా వచ్చింది. ఒకప్పుడు నాతోపాటు ఒకే షిఫ్టులో బాయి దిగిన ముసలాయన ఒకడు, చాయ్ సాసర్లో పోసుకుంటూ, "మొన్న జెప్పినప్పుడు జీపు లేకుండె గదనే" అన్నాడు. "నువ్వు సగంలనే లేచిపోయినవ్. జీపు తర్వాత వచ్చింది" అన్నాను. అతను తల ఊపాడు. నమ్మినందుకు కాదు, చాయ్ డబ్బులు ఆ రోజు నేనిస్తున్నందుకు.

నోటితో చెప్పేటప్పుడు సులువుగా చేతికందిన కాలర్, కాగితం ముందు కూర్చుంటే అందడం లేదు. ఆ రోజు అతను గుండ్రటి మెడ టీషర్టు వేసుకున్నాడు. దానికి అసలు కాలరే లేదు.

ఇది మా అక్క సంగతి. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద. గోదావరి దాటి కరీంనగర్ దిక్కు పోతుంటే, మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోవాల్సిన ఊళ్లో ఉంటుంది. బావ దుబాయిలో మేస్త్రీ పనికి పోయి, ఊపిరి పాడుచేసుకొని తిరిగొచ్చి, కొన్నాళ్లు మంచంలో ఉండి పోయాడు. పిల్లలు లేరు. గౌను వేసుకునే వయసులో ఒళ్లో చాట పెట్టుకున్నది మొదలు, చూపు మందగించే దాకా అక్క బీడీలు చుట్టింది. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, మూతి మడిచి, దారం కట్టడం. మూతి మడిచే పనంతా బొటనవేలిది. ఏళ్ల తరబడి ఆకు అంచు మీద రాసుకొని రాసుకొని ఆ వేలు గచ్చు నేలలాగ నున్నబడింది. నా చేతులకు బొగ్గు పట్టింది గాని గీతలు మిగిలాయి. అక్క వేళ్లకు గీతలే లేవు. చెయ్యి చూసి జాతకం చెప్పేవాడు ఒకసారి గుమ్మం ముందుకొస్తే, "నా చేతిల గీతలే లెవ్వు, నువ్వేం జూస్తవ్ పో" అని పంపించిందట. ఇది నేను కల్పించింది కాదు, అక్క చెప్పింది. అక్క కల్పించిందేమో నాకు తెలియదు. ఆ జబ్బు మా ఇంట్లో అందరికీ ఉంది.

అన్నిటికీ వేలు పెట్టాల్సిన కాలం వచ్చాక అక్క కష్టాలు మొదలయ్యాయి. రేషన్ బియ్యానికి వేలు, పింఛనుకు వేలు. మిషన్ మీద అక్క వేలు పెడితే ఎర్ర లైటు వెలిగి ఆరిపోయేది. సబ్బుతో కడుక్కొని రమ్మంటే కడుక్కొని వచ్చేది. కొబ్బరినూనె రాసుకోమంటే రాసుకునేది. తుడుచుకోమంటే కొంగుకు తుడుచుకునేది. ఒక్కో వేలూ పెట్టి చూస్తే, చివరికి చిటికెన వేలు ఒక్కోసారి దయ తలచేది. వెనక లైన్లో ఉన్నవాళ్లు, "పెద్దవ్వ మిషన్ కాడికొచ్చిందంటే మనం అన్నం దిని రావచ్చు" అని నవ్వేవాళ్లు. అక్క కూడా నవ్వేది. కాని రేషన్ తీసుకునే రోజు పొద్దుటి నుంచీ ఆమె బొటనవేలిని గోడకేసి రుద్దుతూ ఉండడం నేను చూశాను. గీతలు పుడతాయేమోనని.

ఆమె పైసలకు ఒక లెక్క ఉండేది. ఆమె తన దినాలకు కూడబెడుతోంది. చచ్చిపోయాక పదకొండో రోజు పెట్టే భోజనాలు తన సొమ్ముతోనే జరగాలి. నేను ఉన్నాను కదా అంటే ఊరుకునేది కాదు. "తమ్ముని పైసలతోని దినాలు జేయించుకున్నదని అనిపించుకుంటనా? గది నాకొద్దు" అనేది. వితంతు పింఛను, బీడీల పీఎఫ్ పింఛను రెండూ బ్యాంకులో పడేవి. నెలకోసారి ఖర్చులకు కాస్త తీసుకొని మిగతాది అందులోనే వదిలేసేది. యాట ఏ మందలోంచి తేవాలో, ఎవరు కోయాలో, కల్లు ఏ గౌడు దగ్గర తేవాలో అన్నీ అనుకొని పెట్టుకుంది. ఊళ్లో ఎవరి దినాలకు పోయి వచ్చినా, "బొక్కలే ఏసిండ్రు, కండనే లేదు. నా దినాలకు గట్ల గాకుండ జూడు" అని నాకు హెచ్చరిక. నా చావు ముందొస్తే ఎలా అని అడిగితే, "నువ్వు నా భోజనం తినకుండ సావవు తియ్" అంది.

ఊళ్లో బ్యాంకు లేదు. మండలానికి పోవాలి, బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అందుకని పింఛన్లు ఇప్పించేందుకు ఒకతను తిరుగుతాడు. చిన్న దుకాణం, జిరాక్సు, ఫోన్ల రీచార్జి, దాంతోపాటు ఈ వేలిముద్రల మిషన్, రేషన్ షాపుదానికంటే కొత్తది. నలభై దాటిన మనిషి, మెత్తటి మాట. నడవలేని ముసలివాళ్ల ఇంటికి బండి మీద మిషన్ తెచ్చి, గుమ్మం పక్కనున్న గద్దె మీద కూర్చుని, వేలు పెట్టించి, డబ్బు చేతిలో పెట్టి పోతాడు. అక్కకు వేలు పడకపోతే రేషన్ షాపువాడిలాగ విసుక్కోడు. "పడలే పెద్దమ్మా, ఇంకోపారి" అంటాడు. ఇంకోసారి పెడుతుంది. "జర గట్టిగ ఒత్తు" అంటాడు. ఒత్తుతుంది. మూడోసారికి పడిందంటాడు. వచ్చేటప్పుడు బీపీ గోలీలు తెస్తాడు. అక్క అతనికి ఉప్పుడు పిండి చేసి పెట్టేది. నేను పోయినప్పుడల్లా అతని గొప్పలే. "గంత ఓపిక నీకు లేదు తమ్మీ" అని నన్ను పొడిచేది కూడా.

ఒకసారి నేను పోయినప్పుడు అక్క, ఇంతకాలం వదిలేసిన పైసలు ఏ మేరకు అయ్యాయో చూసుకోవాలి, బ్యాంకుకు తీసుకుపో అంది. పొద్దున బస్సుకు పోయాం. కౌంటర్లో ఉన్న అమ్మాయి అక్క కార్డు తీసుకొని కంప్యూటర్లో చూసి, మళ్లీ చూసి, ఖాతాలో దాదాపు ఏమీ లేదంది. పొరపాటు చూస్తున్నావమ్మా అన్నాను నేను, బాయిలో కూలీలను అదిలించే సర్దార్ గొంతుతో. ఆమె పొరపాటు పడలేదు.

"ప్రతి నెలా తీస్తూనే ఉన్నారు కదా. ఒక్కో రోజు రెండుసార్లు, మూడుసార్లు. అన్నీ వేలిముద్ర వేసి తీసినవే" అంది.

"నేను నెలకొక్కపారే తీస్త బిడ్డా" అంది అక్క. "రెండు మూడు పార్లు ఏలు పెడత, గది పడదు గన్క."

"పడింది అమ్మా. పెట్టిన ప్రతిసారీ పడింది."

"నా ఏలా?"

"మీ వేలే."

అక్క నా వైపు తిరిగింది. ఆ ముఖంలో వెలుగు చూసి నేను బిత్తరపోయాను. "ఇన్నవా తమ్మీ, నా ఏలు పడ్డదట. రేషనోడు నన్ను ఎన్ని మాటలన్నడు" అంది. బొటనవేలిని కళ్లకు దగ్గరగా తెచ్చుకొని చూసుకుంది. ఆ చూపు వేలి మీదే ఉండగా, వెలుగు మెల్లగా దిగిపోయింది. తర్వాత చిన్న గొంతుతో, "మరి నా పైసలేవి?" అని అడిగింది.

ఆ అమ్మాయి జాలిపడింది. డబ్బు తీసినప్పుడల్లా ఫోనుకు మెసేజ్ పోతుంది కదా, చూసుకోలేదా అని అడిగింది. ఆ నంబరు బావది. బావ దుబాయి నుంచి తెచ్చుకున్న ఫోన్ బావ పోయినప్పుడే ఆగిపోయింది. చచ్చిపోయిన మనిషికి నెలనెలా మెసేజులు పోతున్నాయన్నమాట. ఎప్పటికప్పుడు చెబితే ఏమైనా చేసేవాళ్లం, ఇంతకాలానికి కష్టమంది. అయినా ఒక అర్జీ తీసుకుంది. ఇకనుంచి వేలికి తాళం వేయొచ్చని కూడా చెప్పింది. వేలితో ఎవరూ డబ్బు తీయకుండా ఆపేయొచ్చట.

"తాళం ఏస్తే చెవి ఎవలకాడుంటది?" అని అడిగింది అక్క.

"మీ ఫోన్లో ఉంటుందమ్మా."

"నాకు ఫోన్ లేదు."

నా నంబరు పెట్టండి అన్నాను. తాళం పడేది ఆధార్‌లో ఉన్న నంబరుతోనట, అక్కడా బావ నంబరే ఉంది, అది మార్చాలంటే ఆధార్ కేంద్రానికి పోవాలట. పోయాం. అక్కడ నంబరు మార్చాలన్నా ముందు అక్క వేలు పడాలి. బొటనవేలు పెట్టింది, చూపుడువేలు పెట్టింది, రెండు చేతుల వేళ్లూ పెట్టింది. అక్కడ మాత్రం నిజంగానే పడలేదు. కళ్లు చూస్తామన్నారు. కళ్లలో పొర ఉంది, అదీ కుదరలేదు. కళ్ల ఆపరేషన్ చేయించుకొని రమ్మన్నారు. తాళం వేయకుండానే సాయంత్రం బస్సెక్కాం. కిటికీ దగ్గర కూర్చున్న అక్క, "ఇగ ఇప్పట్ల సావరాదు తమ్మీ. మల్ల మొదటికెల్లి కూడబెట్టాలె" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

మర్నాడు నేను దుకాణానికి పోయాను. హోటల్లో చెప్పే కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది, కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. దారి పొడవునా కోపం ఉంది. ఏమనాలో పెదవులతో అనుకుంటూ పోయాను. నన్ను చూడగానే అతను లేచి తన కుర్చీ నాకు వేశాడు.

"రా మామా, గిట్ల కూసో. పెద్దమ్మ మంచిగున్నదా? మోకాళ్లకు మందు తెచ్చిన, రేపు ఇద్దామనుకున్న."

పెద్దమ్మ తమ్ముణ్ని కాబట్టి నేను మామను. వరసలో తప్పు లేదు.

"పైసల ముచ్చట అడగవచ్చిన" అన్నాను.

"అడుగు మామా."

"పడలే పడలే అనుకుంట రెండు మూడు పార్లు పెట్టిస్తున్నవట. బ్యాంకుల జూస్తే అన్నిపార్లు పడ్డదంటున్రు."

అతని ముఖం ఏమీ మారలేదు. మారి ఉంటే నాకు ధైర్యం వచ్చేది. "సర్వర్ మామా. గీడ పడలే అని సూపిస్తది, గాడ పడ్డదంటది. నాకు గూడ పరేషానే. పైకి రాసిన. వస్తయి."

"ఎప్పుడొస్తయి?"

"వస్తయి మామా, ఫికర్ జెయ్యకు. చాయ్ దాగు, సల్లారిపోతది."

నా చేతిలో చాయ్ గ్లాసు ఎప్పుడు పెట్టాడో తెలియదు. తాగాను. ఇదీ నేను చెంప మీద కొట్టిన తీరు.

గోడవారన నలుగురైదుగురు ముసలివాళ్లు పింఛను కోసం కూర్చొని ఉన్నారు. వాళ్లకైనా చెబుదామని లేచి, పడలేదని ఇతను రెండోసారి పెట్టమంటే పెట్టకండి, మొదటిదే పడి ఉంటుంది అన్నాను. గొంతు పెద్దగా వస్తుందనుకున్నాను గాని రాలేదు. కట్టె ఆనించుకొని కూర్చున్న ఒక ఆడమనిషి నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఎవలు నువ్వు?"

అక్క తమ్ముణ్నని చెప్పాను.

"మా పిల్లగానితోని కొట్లాటకు వచ్చినవా? మొన్న నాకు జరమొస్తె బండి మీద దవాఖానకు తీస్కపోయిండు. నువ్వు తీస్కపోతవా? ఈయన్ను ఎల్లగొట్టి నువ్వొస్తవా నెలనెల మా ఇండ్లకు?"

పక్కనున్న ముసలాయన, "బొగ్గుబాయి పింఛనుదారులకు అన్నీ బ్యాంకు పక్కనే ఉంటయి" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు. దుకాణం అతను చాటుగానైనా నవ్వలేదు, నిజంగా బాధపడుతున్నట్టే, "పోనీ అవ్వా, మామకు తెల్వక అన్నడు" అని నన్ను వాళ్ల నుంచి కాపాడాడు. నేను చెప్పులు వేసుకొని వచ్చేశాను.

పోలీసు జీపు రాలేదు. నేనే ఆటోలో స్టేషన్‌కు పోయాను. అక్కడున్నతను మర్యాదగానే విన్నాడు. బలవంతంగా పెట్టించాడా అని అడిగాడు. లేదన్నాను. బెదిరించాడా? లేదు. వేలు ఎవరిది? ఆమెదే. "సూడు కాకా, ఏలు ఆమెదే, పెట్టింది ఆమెనే. పైసలు ఎన్ని ఇచ్చిండో, ఎన్ని ఇయ్యలేదో జూసినోళ్లు ఎవలన్న ఉన్నరా?" అన్నాడు. ఉన్నది అక్క ఒక్కతే, ఆమెకు చూపు ఆనదు. ఫిర్యాదు చేసేందుకు ఒక ఫోన్ నంబరు కాగితం ముక్క మీద రాసిచ్చాడు. ఫోన్ చేస్తే ఒక ఆడగొంతు తెలుగుకు ఒకటి నొక్కమంది, తర్వాత రెండు నొక్కమంది, ఆ తర్వాత పాట వినిపించింది. ఆ పాట నాకు ఇప్పుడు మొత్తం వచ్చు.

నస్పూర్ తిరిగొచ్చాక మా ఇంటామె అన్నీ విని, "మీ అక్కను తెచ్చి మనింట్ల పెట్టుకుందాం" అంది. మంచి మాటే. అక్క రానంది. ఆ ఊళ్లో చావకపోతే ఆ ఊళ్లో దినాలెలా అవుతాయి? ప్రతి నెలా నేనే పోయి బ్యాంకుకు తీసుకుపోతానన్నాను. ఒక నెల పోయాను. తర్వాత నెల మోకాలు వాచింది. ఆ తర్వాత నెల వానలు పడి బస్సులు తిరగలేదు. ఇవి సాకులు కాదని రాయాలని ఉంది.

మళ్లీ నేను పోయిన నెల, పింఛను రోజున అక్క ఇంట్లోనే ఉన్నాను. బండి చప్పుడు అయింది. అతను వచ్చి గద్దె మీద కూర్చుని, నన్ను చూసి, "ఎప్పుడొచ్చినవ్ మామా" అని పలకరించి, మిషన్ తీశాడు. అక్క పీట మీద కూర్చొని కొంగుకు వేలు తుడుచుకొని పెట్టింది. మిషన్ కుయ్యిమంది. అతను దాన్ని చూసి, ఏమాత్రం తడబడకుండా, నా ముందే, "పడలే పెద్దమ్మా, ఇంకోపారి" అన్నాడు.

నేను మంచం మీద ఉన్నాను, వాళ్లకు ఎంతో దూరం కాదు. లేవబోయాను. మిషన్ లాక్కొని నేలకేసి కొట్టాలన్నంత కోపంతో లేవబోయాను. అప్పుడు అక్క నా వైపు చూసింది. కళ్లతోనే వద్దని ఆపింది. ఆ చూపుకు అర్థం నాకు తెలిసింది. ఇతనితో చెడితే వచ్చే నెల గోలీలెవరు తెస్తారు, ఈ గడప ఎవరెక్కుతారు, నువ్వు రేపు బస్సెక్కి పోతావు, ఊరుకో, అని. ఆమె బతుకు ఆమెది, ఆమె మాట కాదని నేనెలా లేస్తాను? అందుకని కూర్చుండిపోయాను. అక్క మళ్లీ వేలు పెట్టింది. అతను ఒకసారి తీసిన డబ్బే లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టి, గోలీలు ఇచ్చి పోయాడు.

ఇక్కడి దాకా రాసిన కాగితాలు పట్టుకొని పోయిన వారం అక్క దగ్గరికి పోయాను. చదివి వినిపించాను. కాలర్ సంగతి వచ్చినప్పుడు నవ్వింది. చాయ్ దగ్గర, "నువ్వు చాయ్ ఇడిచిపెడతవా" అంది.  నేను చివరిదాకా చదివి కళ్లజోడు తీశాను. 

"నిన్ను నేనెప్పుడు ఆపిన?" అంది అక్క.

"కండ్లతోని ఆపినవ్ గదక్కా."

"ఆపలే. లేస్తవేమోనని సూసిన. నువ్వు లేవలే. గందుకే ఏలు పెట్టిన."